స్వామికి పదహారేళ్లు

రిటైరయ్యాక నేను ప్రొద్దుటూరులోనే ఉండిపోయాను. మా వీధి చివర నర్సింగు చదివే పిల్లల హాస్టలుంది. సాయంత్రాలు ఇద్దరో ముగ్గురో వచ్చి మా అరుగు మీద కూర్చుంటారు. నా అనుభవం కోసమని వాళ్లు చెబుతారు గానీ, మా ఇంటి కాఫీ కోసమని నాకు తెలుసు.

మొన్న వాళ్లలో ఒకమ్మాయి అడిగింది. "మేడం, పరీక్షలో ఒక ప్రశ్న వచ్చినాది. మైనరు పిల్లోడు, మా దేవునికి కుదరదు, నాకీ వైద్యం వద్దంటే ఏం చెయ్యాలని."

"నువ్వేం రాసినావు?"

"తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలని రాసినా. రెండు మార్కుల ప్రశ్నే మేడం."

ఆ రెండు మార్కుల ప్రశ్న ఒకసారి మా ఆసుపత్రికి నడిచి వచ్చింది. నడిచి అంటే నిజంగా నడిచే వచ్చింది, చెప్పుల్లేకుండా. మీరంతా రేపు వార్డుల్లో నిలబడేవాళ్లు కాబట్టి ఆ సంగతి చెబుతాను.

అప్పుడు నేను జమ్మలమడుగు వైపు ఒక చిన్న సర్కారు ఆసుపత్రిలో హెడ్ నర్సును. ఎక్కడో, ఎవరో చెప్పను. అందరూ బతికే ఉన్నారు, సగం మందికి కోపమెక్కువ. డ్యూటీ డాక్టరు కోస్తా నుంచి వచ్చిన అమ్మాయి. చదువులో చురుకు, పనిలో నిజాయితీ. మా మాట తీరు కొత్త కాబట్టి మొదటి వారమంతా రోగులు తనను తిడుతున్నారనుకుంది. "వాళ్లు బాగోగులు అడుగుతాండారమ్మా" అని నేను పక్కన నిలబడి చెప్పాల్సి వచ్చేది. ఇంకొకాయన మా ఫార్మసిస్టు. రోజూ పులివెందుల నుంచి బస్సులో వచ్చేవాడు. ఏ ప్రశ్నకైనా ఆయన దగ్గర జవాబు ఉండేది. అది సరైనదా కాదా అనే పట్టింపు ఆయనకు లేదు.

చలికాలం, శనగచేలు పచ్చగా ఉన్న రోజులు. పొద్దున్నే అంబులెన్సు వచ్చి ఆగింది. స్ట్రెచరు వద్దని చెప్పి ఒక పిల్లవాడు దిగి కుంటుకుంటూ లోపలికి వచ్చాడు. నల్ల పంచె, మెడలో మాల, నుదుట విభూతి. అయ్యప్ప దీక్షలో ఉన్నాడు. వెనక వాళ్లమ్మ. ఆ వెనక వాళ్ల నాయన, చేతులు కట్టుకుని, గురువుగారి వెంట నడిచే శిష్యుడిలాగా.

"స్వామి పాదానికి పాము కరిచినాది మేడం" అన్నాడు నాయన.

మీకు తెలుసు గదా, మాల వేసుకున్నవాళ్లను పేరు పెట్టి పిలవకూడదు. కన్నతండ్రైనా సరే స్వామీ అనాల్సిందే. వాళ్లు మనల్ని మాతా అంటారు. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం చెయ్యాలి, కాళ్లకు చెప్పులు వెయ్యకూడదు. ఈ పిల్లవాడు మసక చీకట్లో శనగచేను దాటి బోరు దగ్గరికి పోతూ పామును తొక్కేశాడు.

"ఏ పాము? తెచ్చారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"స్వామి చంపొద్దన్నాడు మేడం. దండం పెట్టి పంపించినాడు. పోయేముందర ఫోటో తీసినాడు."

ఫోటో చూశాం. అందులో శనగ మొక్కలు, స్వామి బొటనవేలు చక్కగా పడ్డాయి. ఒక మూల తోకలాంటిదేదో ఉంది. ఫార్మసిస్టు అది జెర్రిపోతన్నాడు. అంబులెన్సు డ్రైవరు, జమ్మలమడుగు సాయిబు, కట్లపామన్నాడు. డాక్టరమ్మ ఫోన్ వాళ్లకే ఇచ్చేసి కాలు చూసింది. కాలు చీలమండ దాకా వాచిపోయి ఉంది. ముందు చేతికి సూది పెట్టి సెలైను ఎక్కించమని నాకు చెప్పి, రక్తం తీసి పొడి గాజు గొట్టంలో పోసి కదపకుండా నిలబెట్టింది. ఇరవై నిమిషాల తర్వాత గొట్టం వంచి చూడాలి. రక్తం గడ్డ కడితే భయం లేదు. నీళ్లలాగా జారితే అది రక్తపింజరి విషం, విరుగుడు మందు వెంటనే పడాలి.

ఆ ఇరవై నిమిషాల్లో వార్డంతా స్వామి చుట్టూ చేరింది. చెయ్యి విరిగి పడుకున్న ఒక అవ్వ లేచి వచ్చి, బాగున్న ఒక్క చెయ్యీ చాచి పాదాలకు మొక్కబోయింది.

"ఆ కాలు కాదవ్వా" అన్నాను. "దానికి పాము కరిచినాది. రెండోదానికి మొక్కుకో."

గొట్టం వంచాం. రక్తం నీళ్లలాగా జారింది.

డాక్టరమ్మ మందు రాసింది. పిల్లవాడు చాలా మర్యాదగా అడిగాడు. "మాతా, ఈ మందు దేంతో చేస్తారు?"

ఆమెకు అబద్ధం రాదు. "గుర్రానికి కొంచెం కొంచెంగా విషం ఎక్కించి, దాని రక్తంలోంచి తీస్తారమ్మా" అని పాఠం చెప్పినట్టు చెప్పింది.

పిల్లవాడు ఒక నిమిషం ఆలోచించాడు. "అయితే నాకొద్దు మాతా. దీక్షలో ఉండాను. జంతువు రక్తం ఒంట్లోకి పోతే మాల నిలవదు." ఆ మాట అంటూనే, "ఏమనుకోవద్దు మాతా" అని చెప్పి, చేతికి పెట్టిన సూదిని తానే లాగేశాడు.

రక్తం గడ్డ కట్టని మనిషి చేతిలోంచి సూది లాగితే ఏమవుతుందో పుస్తకంలో చదివి ఉంటారు. చూడకుంటేనే మంచిది. నేను దూది మీద దూది పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయాను. ఇక అక్కడి నుంచి కదిలే దారి లేదు.

ఇంతలో ఫార్మసిస్టు మందు పెట్టె పట్టుకుని వచ్చాడు. "ఏం స్వామీ, గుర్రం అని ఎవరన్నారు? అదంతా పాత కాలం. ఇప్పుడు చెట్ల నుంచి తీస్తాండారు."

"పెట్టె ఇట్ల ఇయ్యి స్వామీ" అన్నాడు పిల్లవాడు. ఇంటరు చదువుతున్నాడు, ఇంగ్లీషు వచ్చు. కళ్లు చిట్లించి చదివాడు. "ఈక్వైన్ అంటే ఏంది?"

"అది కంపెనీ పేరు."

పిల్లవాడు రెండో చేత్తో ఫోన్ తీసి వెతికాడు. గుర్రానిదని చూసి, ఫోన్ పక్కన పెట్టి, ఆయన వైపు జాలిగా చూశాడు. స్వాములు కోప్పడకూడదు. ఆ తర్వాత మాలో ఎవరు ఏం చెప్పినా వాడు అదే చూపు చూశాడు. ఫార్మసిస్టు మంచి మనసుతోనే అన్నాడు గానీ, మేమంతా ఒక్క మాటతో అబద్ధాలకోరులమైపోయాం.

డాక్టరమ్మ మా పెద్ద డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన కడపలో మీటింగులో ఉన్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టున్నాడు, సగమే వినపడింది. ఆ సగంలోనే చట్టమంతా చెప్పాడు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడు వద్దన్నా అది చెల్లదు. తండ్రి సంతకం పెడితే చాలు. ప్రాణం మీదికి వస్తే సంతకం కోసం కూడా ఆగొద్దు.

ఆమె తండ్రి దగ్గరికి వెళ్లింది. "మీ అబ్బాయి మైనరు. మీరు ఒప్పుకుంటే చాలు."

"స్వామి వద్దంటాండాడు గదా మేడం."

"అతనికి పదహారేళ్లండి."

"అది ఆధార్ కార్డులో మేడం. మాల ఏసుకున్నాక స్వామికి వయసేముంటాది? స్వామి మాట నేనెట్ల కాదనేది?"

ఆమె నా వైపు చూసింది. ఆరేళ్లు వైద్యం చదివిన పిల్లకు ఇలాంటి జవాబు ఏ ఏడాదీ చెప్పలేదు.

"మీ గురుస్వామిని పిలిపించుప్పా" అన్నాను నేను.

గురుస్వామి జమ్మలమడుగులో ఆటో తోలేవాడు. ఆయన వచ్చినట్టు ఆటో హారన్ చెప్పింది, హారన్ ఆగాక గొంతు చెప్పింది. వచ్చీ రాగానే కాలు చూసి తేల్చేశాడు. "దీంట్లో ఆలోచన ఏముండాది? ప్రాణం ముందర, మాల తర్వాత. నా చేత్తో వేసినా, నా చేత్తో తీస్తా. మందు ఏయించుకో. వచ్చే ఏడు మళ్ల ఏసుకుందువు."

నేను హమ్మయ్య అనుకున్నాను. డాక్టరమ్మ మొహం విప్పారింది. పిల్లవాడు మాత్రం మాలను గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు.

"తీయగూడదు స్వామీ. ఎవురూ తీయగూడదు."

దేవుడి తరఫు మనిషే మాల తీసెయ్యమన్నాక కూడా వాడు వదల్లేదు. అడ్డం ఉన్నది దేవుడు కాదని నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది. తట్టలేదు. గురుస్వామి గొణుక్కుంటూ బయటికి పోయాడు. వెనకే నాయన పోయాడు. డాక్టరమ్మ మళ్లీ ఫోన్ చెయ్యడానికి పోయింది. వాళ్లమ్మ గుమ్మం దగ్గర గోడకానుకుని నిలబడింది. మంచం దగ్గర నేనూ, నేను నొక్కి పట్టుకున్న ఆ చెయ్యీ మిగిలాం.

నాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. దేవుడి మాటలు గురుస్వామి చెప్పేశాడు, చట్టం డాక్టరమ్మ చెప్పేసింది, అబద్ధాలు ఫార్మసిస్టు చెప్పేశాడు. ఊరికే కూర్చున్నాను. కాసేపటికి వాడే మెల్లగా అన్నాడు.

"మాల తీస్తే మా అమ్మ మళ్ల వేముల బస్సెక్కుతాది మాతా."

"వేములలో ఏముండాది?"

"మా అవ్వోళ్ల ఇల్లు. నాయన తాగుతాడని అమ్మ ఆడికి పోయినాది. మాల ఏసుకున్న స్వామి ఉండే ఇంట్లో తాగగూడదు గదా, అందుకని ఏసుకున్నా. అమ్మ వచ్చేసినాది. నాయన నన్ను చూస్తే లేచి నిలబడతాండాడు. తిన్న ప్లేటు తానే కడుగుతాండాడు." కాస్త ఆగాడు. "ఇంట్లో శానా బాగుండాది మాతా."

దూది మార్చి మళ్లీ నొక్కి పట్టాను. "ఇట్లే ఉంటే నువ్వు చచ్చిపోతావు స్వామీ. అది తెలుసునా?"

"తెలుసు. మాలతో పోతే మా నాయన జన్మలో తాగడు."

వాడు అన్నీ ఆలోచించి పెట్టుకున్నాడు. వాడి ఆలోచనలో అమ్మ సుఖంగా ఉంది, నాయన బాగుపడ్డాడు. వాడొక్కడే లేడు.

నాకు కోపం వచ్చింది. "కొడుకు పోయినాక తాగుడు మానిన నాయనను నేను చూడలా" అన్నాను. "ముందరికంటే ఎక్కువ తాగినోళ్లను మాత్రం ఈ వార్డులోనే చూసినా."

వాడు నా వైపు తిరిగాడు. ఈ సంగతి వాడి ఆలోచనలోకి రాలేదని మొహంలో తెలిసిపోయింది. ఏదో అనబోయి, నోరు తుడుచుకున్నాడు. వేళ్లకు ఎర్రగా అంటింది. చిగుళ్లలోంచి రక్తం.

అప్పుడే ఫోన్ చేసి తిరిగొచ్చిన డాక్టరమ్మ అది చూసింది. "ఇక ఆగను సిస్టర్. రెండో చేతికి సూది పెడదాం. నలుగురు పట్టుకోండి. తర్వాత నా మీద ఎవరు ఎక్కడ కేసు పెట్టుకున్నా పెట్టుకోనివ్వండి."

"సరే అమ్మా. మీరు మందు కరిగించండి. కరిగేలోపల వస్తా" అన్నాను.

ఆ మందు పొడిగా వస్తుంది. నీళ్లు పోసి, నురగ రాకుండా సీసాను మెల్లగా తిప్పుతూ కరిగించాలి. అలాంటివి పది సీసాలు. తొందరపడినా తొందరగా కరగదు. పిల్లవాడి చెయ్యి ఇంకో నర్సుకు అప్పగించి, గుమ్మం దగ్గరున్న వాళ్లమ్మను కూడా పిలుచుకుని నేను బయటికి పోయాను. ఆటో పక్కన నిలబడి ఉన్న నాయనకు, కొడుకు చెప్పిన మాటలు చెప్పినట్టే చెప్పాను. మధ్యలో నా సొంత మాట ఒక్కటీ కలపలేదు.

ఆయన పెళ్లాం వైపు చూశాడు. ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ఆయన ఏడవలేదు, నన్ను కాదనలేదు. గురుస్వామి వైపు తిరిగి, "నాకు మాల వెయ్యి స్వామీ" అన్నాడు.

"ఇప్పుడా? ఈడనా?"

"ఇప్పుడే. మా ఇంట్లో మాల ఉండాల. వాని మెడలో వద్దు, నా మెడలో ఏయి."

గురుస్వామి ఆయన్ను కిందికీ మీదికీ చూశాడు. "మాల ఏయాలంటే ఒళ్లు శుద్ధంగా ఉండాల. ఆఖరున ఎప్పుడు తాగినావు?"

"పిల్లోడు మాల ఏసుకున్నప్పట్నుంచి ముట్టుకోలేదు."

"ఇంట్లోనా? బయటగూడానా?"

నాయన నేల చూశాడు. "ప్రొద్దుటూరు పోయినప్పుడు ఒకసారి."

"రెండుసార్లు" అంది పెళ్లాం, కొంగు తీసి.

గురుస్వామి కళ్లు మూసుకుని దేవుడితో సంప్రదించాడు. "సరే. రెండు బకెట్లు ఎక్కువ పోసుకో" అన్నాడు.

ఆసుపత్రి వెనక కొళాయి దగ్గర ఆ చలిలో నాయన నీళ్లు పోసుకుంటుంటే దంతాల చప్పుడు మాకు వినపడింది. మాల గురుస్వామి ఆటోలోనే ఉంది, ఎప్పుడూ ఒకటి ఎక్కువే ఉంచుకునేవాడట. కట్టుకోవడానికి నల్ల గుడ్డ లేదు. ఫార్మసిస్టు తన నల్ల గొడుగు గుడ్డ చింపి ఇస్తానని సిద్ధమయ్యాడు. తప్పు దిద్దుకోవాలని ఆయన ఆత్రం ఆయనది. అంబులెన్సు డ్రైవరు సీటు వెనక నుంచి ఉతికి మడిచిన నీలం లుంగీ తీశాడు.

"కొత్తది. నా తమ్ముడు కువైట్ నుంచి పంపిచ్చినాడు. పనికొస్తాదా స్వామీ?"

"నీలం పనికొస్తాది" అన్నాడు గురుస్వామి.

అలా కువైట్ లుంగీ కట్టుకుని, మెడలో మాలతో, తల నుంచి నీళ్లు కారుతూ, గజగజ వణుకుతూ నాయన వార్డులోకి వచ్చాడు. డాక్టరమ్మ చేతిలో ఆఖరి సీసా తిరుగుతోంది. పిల్లవాడు నోరు తెరిచి చూశాడు. అవ్వ లేచి మొక్కింది, ఈసారి ఏ కాలికని నేను చెప్పకుండానే.

"స్వామీ" అన్నాడు నాయన కొడుకుతో. "ఇంట్లో మాల ఉండాది. నేను కొండకు పోయి వచ్చేదాంక తీయను. నీది తీయనియ్యి."

పిల్లవాడు తెలివైనవాడు. "కొండకు పోయి వచ్చినాక?" అని అడిగాడు.

అందరం నాయన వైపు చూశాం. ఇక ముట్టను అని ఒట్టు పెడతాడనుకున్నాను. అలాంటి ఒట్టు ఆ ఇంట్లో అప్పటికి ఎన్నిసార్లు పడిందో.

నాయన పెదాలు తడుపుకున్నాడు. "తెల్దు నాయనా" అన్నాడు.

కొడుకుతో మాట్లాడుతూ స్వామీ అనడం మొదటిసారి మరిచిపోయాడు. ఎవరూ తప్పు పట్టలేదు.

పిల్లవాడు వాళ్లమ్మ వైపు చూశాడు. ఆమె అంది, "ఈ మనిషి నోట తెల్దు అనే మాట నేనిప్పటిదాంక వినలేదురా. ఏయించుకో."

వాడు గుప్పిట విప్పాడు. గురుస్వామి శరణం చెప్పి మాల తీశాడు. డాక్టరమ్మ సూది పెట్టింది.

కథ అక్కడితో అయిపోయిందని మీరనుకుంటారు. మందు సగం ఎక్కేసరికి వాడికి ఒళ్లంతా దద్దుర్లు, వణుకు, ఊపిరి బిగుసుకుంది. ఈ మందుతో ఆ ప్రమాదం ఉంటుంది. డాక్టరమ్మ అప్పటికే పక్కన సిద్ధంగా పెట్టుకున్న ఇంజెక్షను వెంటనే ఇచ్చింది. ఆ కొద్దిసేపూ ఆమె చేతులు ఒక్కసారి కూడా తడబడలేదు. నాయన మూలన నిలబడి, కొత్త మాల పట్టుకుని, తనకు వచ్చిన ఒకే ఒక్క శరణాన్ని మళ్లీ మళ్లీ అన్నాడు. మిగతావి ఇంకా నేర్చుకోలేదు.

వణుకు తగ్గాక మందు మళ్లీ మెల్లగా మొదలుపెట్టాం. వాడు నీరసంగా నన్ను పిలిచాడు. మాల లేదు కాబట్టి మాతా అనాలా వద్దా అని కాసేపు తడబడి, "అక్కా" అన్నాడు. "గుర్రం ఏం తింటాది?"

"గడ్డి తింటాది. ఉలవలు తింటాది."

"మాంసం తినదా?"

"ఇంతవరకూ ఎవరూ చూడలేదు."

"అయితే ఫరవాలేదు" అని కళ్లు మూసుకున్నాడు.

ఆ సాయంత్రం మళ్లీ రక్తం తీసి గొట్టంలో పోసి, వంచి చూశాం. కదల్లేదు. ముద్దలాగా గాజుకు అతుక్కుని ఉంది. డాక్టరమ్మ ఆ గొట్టాన్ని తలకిందులు చేసి వార్డంతా తిరిగి చూపించింది. రోగులకు ఏమీ అర్థం కాకపోయినా అందరూ బాగుందన్నారు.

ఇంటికి పంపించే రోజు పిల్లవాడు నన్ను అడిగాడు. "అక్కా, మా నాయన మాల ఏసుకోకుంటే మీరేం చేసేటోళ్లు?"

"నలుగురం పట్టుకుని ఏసేటోళ్లం. నీ కాళ్లు నేనే పట్టుకునేదాన్ని."

"నాకు పద్దెనిమిది నిండింటే?"

వాడి మందుల చీటీ మడిచి చేతిలో పెట్టాను. ఆ ప్రశ్న దగ్గర ఇప్పుడు కూడా నాకు తడబాటే. "నీ మాటే చెల్లేది" అన్నాను. "నేను మాత్రం నీ పక్కన కూర్చుని పోట్లాడేదాన్ని, నువ్వు విసుక్కుని ఒప్పుకునేదాంక."

వాడు తల ఊపాడు. అది వాడికి న్యాయంగానే తోచినట్టుంది.

నాయన కొండకు పోయి వచ్చాడు. తర్వాత తాగలేదా అంటే తాగాడు, ఉగాది దాటాక. వాళ్లమ్మ వేములకు పోవడమూ, ఆయన వెళ్లి గడప బయట కూర్చుని పిలుచుకు రావడమూ ఒకటి రెండుసార్లు జరిగాయి. ఏటేటా మాల వేసుకుంటున్నాడు. పిల్లవాడు మళ్లీ వేసుకోలేదు. ఇంట్లో ఒకరు చాలన్నాడట. గండికోట దారిలో ఒక సోలారు ప్లాంటులో పనికి పోతున్నాడు.

డాక్టరమ్మ బదిలీ మీద తన వైపు వెళ్లిపోయింది. ఆ మధ్య నాకు ఫోన్ చేసింది. వార్డులో పదిహేనేళ్ల పిల్ల ఉందట. వాళ్ల ప్రార్థన మందిరంలో రక్తం ఎక్కించుకోవడం తప్పని చెబుతారట. తల్లిదండ్రులు సంతకం పెట్టేశారు, పిల్ల మాత్రం ససేమిరా అంటోంది.

"ఏం చెయ్యమంటారు సిస్టర్?"

"టైముందా?"

"ఈ సాయంత్రం దాకా ఉంది."

"అయితే పక్కన కూర్చుని ఎందుకో కనుక్కోండి. టైము లేకుంటే ముందు ఎక్కించి, తర్వాత కనుక్కోండి. కనుక్కోవడం మాత్రం మానొద్దండి."

"అడిగాను సిస్టర్. దేవుడి సంగతి నాకు తెలియదని చెప్పాను, రక్తం ఎందుకు అవసరమో బొమ్మ గీసి చూపించాను, రిపోర్టులు వివరించాను, నా చిన్నప్పటి సంగతి కూడా ఒకటి చెప్పాను. ఆ పిల్ల నోరు విప్పట్లేదు."

"అంతా మీరే మాట్లాడినారు గదమ్మా, ఆ పిల్ల ఇంకెట్ల విప్పుతాది? చెయ్యి పట్టుకుని, ఏం మాట్లాడకుండా కూర్చోండి."

ఫోన్‌లో చప్పుడు లేదు. లైను తెగిందేమోనని "అమ్మా, ఉండారా?" అని రెండుసార్లు అడిగాను. ఆమె ఫోన్ ఆపకుండానే ఎక్కడో పెట్టేసినట్టుంది. చాలా దూరంలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఎవరో కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుంటున్న చప్పుడు వినపడ్డాయి. నేను ఫోన్ పెట్టేశాను.